వంపు దగ్గర గంట ఆపాను

కార్తిక శుద్ధ పంచమి, గిద్దలూరు.

వానలు వెనుకబట్టిన తరువాత ఈ యేటి తొలి సైకిలు ప్రయాణమిది. మార్కాపురం నుండి ఆరుగురమూ ప్రాణాలతోనే చేరాము.

కంబం దాటి పొద్దు గుంకినది మొదలు, నా వెనుక వస్తున్న చెల్లెలి భర్త రంగయ్య "గంట కొట్టు బావా, కొడతానే ఉండు" అంటున్నాడు. "ఏంది, పెండ్లి ఊరేగింపా?" అని నవ్వుతూనే కొట్టుకుంటూ వచ్చి, వాగు పక్కని వంపు దగ్గర మానుకున్నాను. నేను వంపు తిరిగాను. అతడు తిరగలేదు, తిన్నగా పోయి వాగు గట్టు మీదినుండి ఇసుకలో పడ్డాడు.

పరుగున దిగి చేయి అందిస్తే, దాని పక్కన గాలిలో తడుముకున్నాడు.

"రేచీకటి బావా. పొద్దు గుంకితే నాకేం కనపడదు. నీ గంట వింటా వచ్చినా. మీ చెల్లెలికి చెప్పబాకు."

సరేనన్నాను. టైర్లు, గాలిపంపు, దీపాలు అన్నీ నిన్ననే సరిచూశాను. మనుషుల కళ్లు చూడాలని తోచలేదు.

ఇప్పుడు పడుకోబోతుండగా తట్టింది. రోజూ తన దుకాణం కట్టేసి, చీకట్లో వాళ్ల పాపను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని ఇంటికి తెచ్చేది అతడే. మాటైతే ఇచ్చాను. రేపు ఊరు చేరగానే చెల్లెలి గడప తొక్కి, ఆ మాట తప్పాలి.