మా వాకిట్లో బొంత

…ఆ, దారం రీళ్లు! అక్కడే కదా ఆపాను. నాన్న కొట్లోంచి రీళ్ల పెట్టె మొత్తం తెచ్చి వాకిట్లో ఇసుక మీద పరిచాడని రాసేసరికి నిన్న అన్నానికి పిలిచాడు. ఆ తొందరలో సలాం రాయడం కూడా మర్చిపోయా. అస్సలాము అలైకుమ్ అమ్మా. ఇక్కడ గల్ఫ్‌లో, మన కల్బాలో నేను, నాన్న, నాన్న కుట్టుమిషన్ అందరం బాగున్నాం. వంటింటి పైపు కూడా ఇప్పుడు బాగుంది. అమ్మమ్మ కంటి ఆపరేషన్ కట్టు విప్పారని, మొట్టమొదట నీ నెరిసిన జుట్టే చూసి తిట్టిందని చదివి ఇద్దరం తెగ నవ్వుకున్నాం.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అనకు. అక్కడ నువ్వు స్పీకర్ ఆన్ చేస్తావు, అమ్మమ్మ, పిన్ని, పక్కింటివాళ్లు అందరూ వింటారు. సూరిబాబు అంకుల్ శుక్రవారం నెల్లూరు వస్తున్నాడు. ఆయన బ్యాగులో ఈ కవరు వస్తుంది. నాన్నకు తెలీదు.

గోడలాగా ఉన్న దమాస్ పొదలు ఎందుకు పీకించారని అడిగావు. కరోనా అప్పటి నుంచి ఎవరూ కత్తిరించలేదు కదమ్మా! గేటు కనపడక డెలివరీవాళ్లు మన బిర్యానీ పక్కింట్లో ఇచ్చేసేవాళ్లు. నువ్వు వెళ్లాక వేళ్లు పైపులోకి దూరి, సింకులో పోసిన నీళ్లు బాత్రూంలో తేలాయి. ఇంటి ఓనరు ఉమ్ జాసిమ్ వచ్చి, ముక్కు మూసుకుని చూసి, "ఖలాస్! సబ్ నికాలో. ఫూల్ లగావ్" అనేసింది, అన్నీ పీకేసి పూలు పెట్టమని. అజ్మల్ భాయ్ తన పికప్ బండికి గొలుసు కట్టి ఒక్కో పొదా లాగాడు. లోపల ఏమున్నాయో తెలుసా? నా యూకేజీ చెప్పు, ఎవరివో క్రికెట్ బంతులు, పనిమనిషి ఎత్తుకుపోయిందని నువ్వు ఒట్టేసి చెప్పిన స్టీలు గరిటె!

ఏం పూలు పెడదామంటే నేను నాన్నకు ఫోన్‌లో ఇంగ్లండ్‌లో ఒక ఇంటి తోట ఫొటో చూపించా.

"ఏందిమే ఇది? వరసా పాడూ లేకుండా యాడపడితే ఆడ పూసుండాయే!"

"అదే నాన్నా స్టైల్. కాటేజ్ గార్డెన్ అంటారు."

"స్టైలా! ఇది తోట కాదుమే, బొంత. మా అమ్మ ఇట్టనే కుట్టేది. ఎర్రముక్క పక్కన పచ్చముక్క, దాని పక్కన పూల చీటీగుడ్డ. ఒకే రంగు పక్కపక్కన రాకుంటే చాలు."

అందుకే ఆ రీళ్లు. రీలు ఉన్నచోట అదే రంగు మొక్క. రెండడుగులు వెనక్కొచ్చి, ఒక కన్ను మూసి చూసి, "ఊహూ, ఊదా అరస్తా ఉండాది" అని మార్చేవాడు. అజ్మల్ భాయ్ బకెట్ పట్టుకుని, "మాస్టర్‌జీ, ధాగే కో పానీ డాలూఁ?" అని, దారానికి నీళ్లు పొయ్యాలా అంటూ ఒకటే నవ్వు. అంతలో గాలికి ఎర్ర రీలు దొర్లి దారం ఆయన పికప్ టైరుకి చిక్కుకుంది. అది చూడకుండా ఆయన బండి కదిలించాడు. దారం మసీదు మలుపు దాకా సాగింది, వెనక నాన్న పరుగు! ఆ రోజు నువ్వు లేవే అని ఎంత అనుకున్నానో.

ఇప్పుడు చూడాలమ్మా. పెటూనియాలు, బంతి, కాస్మోస్, నాకంటే పొడుగ్గా హాలీహాక్స్. రోడ్డు మీద పోయేవాళ్లకి ఇల్లంతా కనపడదా అన్నావుగా, ఎవరూ ఇంటి వంక చూడట్లేదు, పూలే చూస్తున్నారు. అబాయాలు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు వాకిట్లోనే ఆగి, "ఈ పువ్వు రంగు దారంతో అంచు వెయ్యి" అంటున్నారు. నాన్న పైకి విసుక్కుంటాడు గానీ, వాళ్లు వెళ్లాక ఆ పువ్వును వేలితో తట్టి వస్తాడు.

తింటున్నావా అంటే, తింటున్నా. చదువుతున్నావా అంటే, చదువుతున్నా. మిగిలింది హాస్టల్ సంగతి.

నువ్వు ఎంత సంతోషంగా రాశావో! ఇంటర్‌కి సీటు ఉందని, గదికి ఎనిమిదిమంది అని, ఆదివారాలు మాత్రం ఫోన్ ఇస్తారని. వీడియో కాల్‌లో నేను "ఓకే అమ్మా" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న అయితే కొలతలిచ్చే ప్రతి మనిషికీ, "మా పాప జూన్‌లో నెల్లూరు పోతాంది, డాక్టరు చదువుకి" అని చెప్తున్నాడు.

మొక్కలమ్మే అతను, ఈ పూలన్నీ ఏప్రిల్ వరకేనన్నాడు, ఎండలకి ఒక్కటీ మిగలదట. వాటితో పాటు నేనూ ఇక్కడి నుంచి ఖాళీ అయిపోతానా అనిపించింది. మర్నాడు ఉమ్ జాసిమ్ దగ్గరికెళ్లి వాళ్ల గోరింట చెట్టు కొమ్మ ఒకటి అడిగా. ఇచ్చి, "దో సాల్ సబర్" అంది, రెండేళ్లు ఓపిక పట్టాలట, అప్పటిదాకా ఆకు కోయకూడదట. నేను ఆలోచించకుండా, "రెండేళ్లూ నేను ఇక్కడే ఉంటా, నేనే చూసుకుంటా" అనేశాను. ఆమె నా వంక అదోలా చూసింది. నా గది కిటికీ కింద, బంతి మొక్కల వెనక, ఎవరికీ కనపడకుండా నాటా. మొన్న చిగురు వేసింది.

నా "ఓకే" అబద్ధం అమ్మా. నాకు భయం. అక్కడ నేను తెలుగు మాట్లాడితే పిన్ని పిల్లలే నవ్వుతారు, ఇంక కాలేజీ అంతా నవ్వదా? రాత్రి నాన్న మిషన్ చప్పుడు వినపడకపోతే నాకు నిద్రే రాదు. మా స్కూల్లోనే ఇలెవెన్త్, ట్వెల్త్ ఉన్నాయి. ఎక్కువ చదువుతా, ప్రామిస్. నాన్నకు చెప్పాలంటే నోరు రావట్లేదు. నువ్వు చెప్పవా? కోపమొస్తే నన్ను తిట్టు, కానీ స్పీకర్ ఆఫ్ చేసి తిట్టు.

ఇట్లు,
ఇక్కడే పూయాలనుకుంటున్న
నీ కూతురు అనమ్

ఆగమ్మా, తలుపు కొడుతున్నాడు. నాన్నే.

"అనమూ! కిటికీ కింద గోరింట నువ్వు పెట్టిందేనంటనే? ఉమ్ జాసిమ్ చెప్పింది, నువ్వు ఆమెతో ఏమన్నావో కూడా."

నేను తలుపు తీయలేదు. పెన్ను మాత్రం కదులుతోంది.

"ఏదన్నా ఉంటే మొక్కలకి కాదుమే, నాకు చెప్పబళ్లా? సరే, బయటికి రా. దానికి నీడగుడ్డ తెచ్చినా, రెండు ఎండాకాలాలు ఆగుతాదంట. పచ్చదా, తెల్లదా, నువ్వే చూసి చెప్పు."

కాగితాలు దిండు గలీబులో పెట్టేస్తున్నా. వెళ్లాలి. పచ్చదే అంటా.