గడువు ఇంకా పన్నెండు రోజులు

చిరంజీవి తమ్ముడు దస్తగిరికి, కర్నూలు నుంచి అక్క ఇమాంబీ దువా చేసి రాసేది. ఇక్కడ నేను బాగున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మరదలికి ఎన్నో నెల? బనగానపల్లెలో వాన పడిందా? చిన్నప్పుడు నువ్వు పలక మీద నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను, తప్పులుంటే నవ్వుకో.

ఖాసింబీ అవ్వ ఇంట్లో ఉండి బొంతలు కుడుతున్నాను. అవ్వకు కళ్లు ఆనవు, నోరు మాత్రం నలుగురికి సరిపోతుంది. నా కుట్లు తడిమి చూసి "ఇది కుట్టా, చీమలు పోయిన దోవా?" అంటుంది. పూటకు రెండు జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి. ఎండకే తట్టుకోలేకపోతున్నాను. తుంగభద్రలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువగా ఉంది. నా కత్తెర అమ్మ పెట్టెలో ఉంది, ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. బాగానే ఉన్నాను, మళ్లీ చెబుతున్నాను.

ఇక నీ జాబు సంగతి. మీ బావ వచ్చి, మన అరుగు మీద కూర్చుని, నీళ్లు కూడా ముట్టకుండా "మీ అక్క యాడుండాదో చెప్పప్పా, ఒక్క మాట చెప్పొస్తా" అన్నాడని రాశావు. చదవగానే లేచి తలుపు గడియ వేశాను.

నీకు తెలుసు కదా. పదకొండేళ్ల కిందట ఆయన దూది ఏకడానికి ఊళ్లు పట్టుకు తిరుగుతుంటే, ఇంట్లో నా బిడ్డ జ్వరంతో పోయింది. తాను వచ్చేదాకా ఆగలేదని, పొద్దుగూకకముందే మట్టి చేశామని, ఆ రోజు నుంచి నాతో మాట మానేశాడు. కొట్టలేదు, తిట్టలేదు. ఆకలైతే "కూడు పెట్టమను" అని గోడతో అనేవాడు. గోడ ఎలాగూ లేవదు కాబట్టి నేనే లేచి వడ్డించేదాన్ని.

ఖాజీ ముందు నేను విడాకులు అడిగిన రోజు కూడా గోడవైపే తిరిగాడు. "అట్ల చెల్లదప్పా, ఆమె మొగం చూసి, పేరు పెట్టి చెప్పాల" అన్నాడు ఖాజీ. అప్పుడు నావైపు తిరిగి "ఇమాంబీ, నిన్ను ఇడిసిపెట్టినా" అన్నాడు. కాపురం పోయిందని ఏడుస్తున్నాననుకున్నారు మీరంతా. కాదు. పదకొండేళ్ల తర్వాత ఆయన నోట నా పేరు విన్నాను.

ఆ గొంతు నన్ను వదలడం లేదు. పట్టపగలు సూదిలో దారం ఎక్కిస్తుంటే వెనకనుంచి "ఇమాంబీ" అని వినిపిస్తుంది. "ఆఁ" అని లేస్తాను. "ఎవురితో మాట్లాడతాండావు బిడ్డా?" అంటుంది అవ్వ. చూస్తే ఎవరూ ఉండరు. నిన్న అలాగే లేచి వెళ్లేసరికి పెనం మీద రొట్టె మాడిపోయింది. భయమేస్తుంది. పిలుపు వినిపించని రోజున దానికోసం చెవి ఒగ్గి కూర్చుంటాను, అందుకు సిగ్గేస్తుంది.

ఖాజీ చెప్పిన మూడు నెలల గడువులో ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఈలోగా ఆయన వచ్చి, తిరిగి తెచ్చుకుంటున్నానని ఒక్క మాట అంటే చాలు, మళ్లీ ఆయన భార్యనే. నా ఇష్టంతో పని లేదు. ఆయన చెడ్డవాడు కాదు, దుఃఖం దిగని మనిషి. అయినా ఆ ఇంట్లోకి మళ్లీ వెళితే నేను బతకను. అమ్మ మెత్తబడినా నువ్వు మెత్తబడకు.

అమ్మకు నా సలాములు, నాకోసం దువా చేయమను. మరదలిని బరువులు ఎత్తనివ్వకు. ఈ పన్నెండు రోజులూ నేనున్న చోటు నీ కడుపులోనే పెట్టుకో. ఆయన గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలిస్తే నేను పలుకుతాను తమ్ముడూ. పలకకుండా ఉండడం ఆయనకు చేతనైంది, నాకు చేతకాదు.

నీ అక్క,
ఇమాంబీ