మూడు సీట్లూ ఒకే వరుసలో

ఏవండీ, ఈ చీటీ రాసిపెట్టి డ్యూటీకి వెళ్తున్నాను. ఆపరేషన్ థియేటర్లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి ఈ పని మీరే చేయాలి.

లేవగానే విమానం కంపెనీకి ఫోన్ చేయండి. రెండు డిస్కౌంటు కూపన్లూ వాడేద్దామని మీ టికెట్ విడిగా, నాదీ బుడ్డిదానిదీ విడిగా కొన్నారు. మీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఇప్పుడు వాళ్ల దృష్టిలో మీరు మాకు ఏమీ కారు. మేం ముగ్గురం ఒకే కుటుంబం, ఐదేళ్ల పిల్ల ఉంది అని మొదటి మాటలోనే చెప్పి, రెండు బుకింగులూ కలిపించండి. ఆ తర్వాతే ఆన్‌లైన్లో చెక్-ఇన్ చేయండి. సీటుకి డబ్బులు కట్టమని అడిగితే కంగారుపడి కట్టేయకండి, ఆ పేజీ దాటేయండి. రేపు కౌంటర్ దగ్గర చూసుకుందాంలే అనుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

మొహమాటపడకండి. పోయినసారి మీరు "పర్లేదులెండి" అనబట్టే బుడ్డిది ఎవరో పెద్దాయన పక్కన కూర్చుని, విమానం లేస్తుంటే ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చింది. నేను లేవబోతే విమానం సిబ్బంది కూర్చోమని కసిరారు. మీరేమో ముందు వరుసలో గుర్రుపెట్టి నిద్రపోయారు. మనకి మాటల్లేకపోయినా ఈ సంగతి మాత్రం చెప్పక తప్పలేదు.

దాని జ్వరం మందు చేతిసంచిలోనే పెట్టండి.

ఇంకొకటి. నిన్న బుడ్డిది, "అమ్మా, విమానంలో కూడా నాన్నకి చెప్పాల్సినవన్నీ నేనే చెప్పాలా?" అని అడిగింది. దాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. మధ్య సీటు నాకు ఉంచండి.