సారెపతు విధవరాలి కొడుకు

పుంగనూరు, ఆదివారం. 2003 ఎండాకాలం.

ఈ పొద్దు చర్చిలో కరువు గురించి వాక్యం చెప్పినా. కరువులో ఏలీయా ప్రవక్త పోయి ఉన్న సారెపతు ఊరి విధవరాలి ఇంట్లో తొట్టిలో పిండి, బుడ్డిలో నూనె అయిపోలేదని చెప్పి ఆడికే ఆపేసినా. ఆ తర్వాత ఆమె కొడుకు చచ్చిపోతాడు, ఏలీయా ప్రార్థన చేస్తే లేస్తాడు. అది చదివే ధైర్యం నాకు లేకపాయ. ముందు వరసలోనే రత్నమ్మ కూర్చోనుండాది. పోయిన నెల మదనపల్లె ఆసుపత్రిలో ఆమె ఒక్కగానొక్క కొడుకు జ్వరంతో పోయినప్పుడు, వాడి తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసింది నేనే.

అందరూ పోయినాక ఆమె బైబిలు పట్టుకోని నా దగ్గరికి వచ్చింది.

"అయ్యగారూ, మీరు ఆపేసిన కాడ్నించి నేను సదువుకున్యా. ఆ యమ్మ కొడుకు లేసినాడు గదా. నా బిడ్డ యాల లేయలా?"

"దేవుని చిత్తం మనకు తెలీదమ్మా" అన్నా. ఆ మాట నాకే చప్పగా వినిపించింది.

"రామసముద్రంలో మావోళ్లనందర్నీ ఇడిసిపెట్టి ఈ దేవుణ్ణి నమ్ముకోని వస్తి. ఇప్పుడు వాళ్లు 'నీ దేవుడు యాడుండాడు?' అంటాండారు. ఏమని సెప్పేదయ్యా?"

ఆమె కోప్పడలా, ఏడవలా. "పోనీ, నా కోసరం ప్రార్థనన్నా చేయండి" అని కొంగు తలమీద కప్పుకోని మోకాళ్లేసింది.

కండ్లు మూసుకున్నా. ఒక్క మాట గూడా రాలా. ఆమె చానాసేపు కాచుకోని, తనే "ఆమేన్" అనుకోని లేచి పోయింది.

రాత్రయినా నేను ఇంకా ప్రార్థనకు మోకాళ్లేయలా. వచ్చే ఆదివారం ఆమె వస్తే ఏం చెప్పాలో తెలీదు. రాకపోతే...