గేటు పాసు ఫొటోలో నవ్వు

మావయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ప్లాంటు కూలీలుండే క్యాంప్ వన్ బస్తీలో నీ ఫొటో స్టూడియో ఇప్పుడు నేనే తెరుస్తున్నాను. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది నువ్వే. అయినా "గేటు పాసు ఫొటోలు తీసేవాడూ కళాకారుడేనా?" అని నీ మొహం మీదే అనేసి బస్తర్ వెళ్లిపోయాను. నీకు బాగాలేదన్న కబురు అందినప్పుడు అక్కడి పాత గుళ్ల, మనుషుల ఫొటోలు తీస్తున్నాను. ఇంకో వారం వెలుతురు బాగుంటుందని ఆగిపోయాను; వచ్చేసరికి నువ్వు లేవు.

ఈ ఉదయం అప్పలమ్మ అనే ఆమె వచ్చింది. ప్లాంటులో పనిచేసే భర్త జ్వరంతో పోయాడట. ఇంట్లో అతని ఫొటో ఒక్కటీ లేదంది. నీ పాత నెగెటివ్‌లు వెతికి, గేటు పాసుకి నువ్వు తీసినదాన్ని పెద్దది చేసి ఇచ్చాను.

ఆమె ఫొటోలో భర్త నవ్వుని వేలితో తడిమింది.

"మా ఆయన ఎవుల ముందూ నవ్వీవోడు కాడు. ఏటి సెప్పి నవ్వించావు బాబూ?"

గోడ నిండా నేను బస్తర్‌లో తీసిన మొహాలున్నాయి. అందులో ఒక్కరి పేరైనా నేను అడగలేదు. ఒక్కరూ నవ్వడం లేదు.

"ఏదో చెప్పానమ్మా" అన్నాను.

నువ్వు తీశావని చెప్పడానికి నోరు రాలేదు మావయ్యా. ఆమె నాకు దండం పెట్టి వెళ్లిపోయింది.