పొడుగు పిడి చీపురు

అమ్మా, దేవుని కాపుదలలో బాగున్నాను. ఫోనులో చెబితే సగంలోనే ఏడుస్తావని కార్డు రాస్తున్నాను.

మా ప్లాంటులో సోలార్ కరెంటుతో నీళ్ళలోంచి హైడ్రోజన్ గ్యాసు తీస్తాం కదా. అది లీకై అంటుకుంటే ఆ మంట ఎండలో కంటికి ఆనదు. "గ్యాసు పసిగట్టే మీటరు మర్చిపోయినా చీపురు మర్చిపోకమ్మాయ్" అంటారు మా ఫోర్‌మన్ జక్రయ్య గారు. అందుకని పైపుల దగ్గర చీపురు ముందుకు చాపి నడుస్తాం. మొన్న నా చీపురు కొస భగ్గుమంది. అక్కడే ఆగిపోయి గ్యాసు కట్టేయించాను. నాకేమీ కాలేదు.

మోకాలి నొప్పి తగ్గిందా? మిరపకోతలకి పోవద్దు. సాల్మన్ మామయ్య ఒంగోలు వస్తే నువ్వు కట్టే ఈత చీపుళ్ళు రెండు పంపు. బజార్లో కొన్నవి ఊడిపోతున్నాయి.

నా చేతికి చీపురు రాకూడదనే బడి ఊడ్చి నన్ను చదివించావు. బాధపడకమ్మా, పిడి మాత్రం పొడుగ్గా కట్టు.

నీ స్తుతి