ఆవిరి ఆగాక మూత తియ్

ప్రియమైన వదినకు,

జ్వరం నుంచి లేచిన కొన్నాళ్ళకే నువ్వు హోటల్లో పని మానేశావని అన్నయ్య చెబితే నమ్మలేదు. "విసుగొచ్చిందట" అన్నాడు. నీకా, విసుగా! పిండి ముట్టుకుంటే గాని నీకు తెల్లారదే!

సరే, ముందు నా గొడవ విను. బస్టాండుకు ఎదురుగా ఫలహారాల కొట్టు తెరిచాను కదా. పక్క కొట్లో లేనిది ఏదైనా పెట్టాలని వాఫుల్ పెనం కొన్నాను, అదే, గళ్ళగళ్ళ తీపి అట్లు కాల్చే మూత పెనం. రెడీమేడ్ పిండిలో పాలు, గుడ్డు కలిపితే చాలని డబ్బా మీద రాసి ఉంది. కలిపాను. నున్నగా అయ్యేదాకా చెయ్యి పడిపోయేలా గిలక్కొట్టాను. మాటిమాటికీ మూత తీసి చూశాను. మొదటిది నిలువునా చీలి సగం మూతకీ, సగం పెనానికీ అతుక్కుపోయింది. రెండోది ఊడి వచ్చింది గాని తడిగుడ్డలా వేలాడింది. పొద్దుటి బస్సు డ్రైవరు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, "ఏమండీ, దీన్ని తినాలా, దీంతో మూతి తుడుచుకోవాలా?" అన్నాడు. కొట్టంతా గొల్లుమంది.

తోడబుట్టినవాడు కూడా విని నవ్వి ఊరుకున్నాడు. ఇక నువ్వే దిక్కు.

నీ ఆడపడుచు,
పిచ్చుక


పిచ్చుకమ్మకు,

రొట్టెలూ కేకులూ అన్నీ మానేశానే. ఆ సంగతులు నన్నడగకు. కానీ డ్రైవరు మాట చదివాక ఊరుకోలేకపోతున్నాను.

గిలక్కొట్టడం దగ్గరే చెడింది. పిండి ఉండలుండలుగా ఉండగానే గరిటె కింద పెట్టు. ఎంత కలిపితే అంత బంకలా సాగుతుంది. కాసేపు దాని మానాన దాన్ని వదిలెయ్. పెనం బాగా కాలాక వెన్న రాసి పిండి పొయ్. తర్వాత చేతులు కట్టుకుని నిలబడు. పక్కల నుంచి ఆవిరి బుసబుసమంటూ వస్తుంది. ఆ బుస సన్నబడి, చప్పుడు ఆగాక మూత తియ్. తీసినవాటిని ఒకదానిమీద ఒకటి పేర్చకు. వాటి ఆవిరికి అవే మెత్తబడతాయి. తీగ జాలీ మీద విడివిడిగా పరుచు.

ఇంక నన్ను వదిలెయ్.

వదిన


బంగారు వదినా,

విరిస్తే కరకరమంది! డ్రైవరు రెండు తిని, మూడోది కాగితంలో చుట్టించుకుని పోయాడు. కండక్టరయితే టికెట్లు కొట్టడం మరిచిపోయి నిలబడ్డాడు. అంత దూరాన కూర్చుని, నా పెనం చూడకుండా, నా చెయ్యి పట్టుకుని నడిపించావు. ఇది చదువుకుంటే వచ్చేది కాదు వదినా.

ఇప్పుడు ఆశ పెరిగింది. డబ్బా పిండి మానేసి అంతా నేనే కలపాలని ఉంది. కొలతలు చెప్పు. వెనిల్లా ఎంత వెయ్యాలి? కాలిందని ఏ వాసనను బట్టి తెలుస్తుంది?

నీ పిచ్చుక


ప్రియమైన పిచ్చుకకు,

జవాబు ఆలస్యమైంది. రాయాలా వద్దా అని ఊగిసలాడాను.

రెండు కప్పుల మైదా, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్, రెండు చెంచాల బేకింగ్ పౌడరు, రెండు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు. అర కప్పు కరిగించిన వెన్న, కప్పున్నర పాలు, రెండు గుడ్లు. పచ్చసొన పాలల్లో కలిపెయ్. తెల్లసొన మాత్రం విడిగా, నురగ మొన తేలి నిలబడేదాకా గిలక్కొట్టు. నీ కసంతా అక్కడ తీర్చుకో. ఆ నురగను చివర్లో, నిద్రపోతున్న పసిపిల్లకు దుప్పటి కప్పినంత మెల్లగా పిండిలో కలుపు.

వాసన మాట పక్కన పెట్టి చెవితో పని చేయించు. వెనిల్లా సంగతి నీ నాలుకనే అడుగు.

చేశాక నాలుగు నాకు పంపు. చూడాలని ఉంది.

నీ వదిన


పిచ్చుకా,

నీ డ్రైవరు పెట్టె తెచ్చిచ్చాడు. మీ అన్నయ్య ఊళ్ళో లేరు, నేనొక్కదాన్నే తిన్నాను. గళ్ళు చక్కగా లేచాయి, విరిస్తే మంచి చప్పుడొచ్చింది. రంగే కాస్త వెలవెలబోయింది, పెనం వేడి చాలలేదేమో. తీపి సరిగ్గా సరిపోయింది. భేష్.

వదిన


వదినా,

ఈ ఉత్తరం రాసి, చింపి, మళ్ళీ రాస్తున్నాను. ఆ పొద్దున హడావిడిలో చక్కెర అనుకుని ఉప్పు డబ్బా ఎత్తాను. పెట్టె నీకు పంపేశాక, మొదటి ముక్క కొరికిన కండక్టరు బయటికి పరిగెత్తాడు. సిగ్గుతో చచ్చిపోయి నీ తిట్ల కోసం ఎదురుచూస్తుంటే, "తీపి సరిగ్గా సరిపోయింది" అని వచ్చింది.

నా మనసు నొప్పించకూడదని అన్నావా? నా మొదటి కేకు తిని, "దీన్ని దాచవే, గోడ కట్టేటప్పుడు పనికొస్తుంది" అన్న మనిషివి నువ్వు!

అప్పుడు నీ ఉత్తరాలు మళ్ళీ చదివాను. చప్పుడుంది, రంగుంది. రుచి నా మీదికి తోసేశావు, వాసన పక్కన పెట్టమన్నావు. ఆ జ్వరం వచ్చినప్పటి నుంచేనా వదినా? ఒక్కదానివే మోస్తున్నావా?

ఒకటి మాత్రం చెప్పనీ. చక్కెర పడకపోబట్టే అది ఎర్రబడలేదు. నీ నాలుక చెప్పనిది నీ కన్ను పట్టేసింది. నాకు నాలుక ఉండి ఏం లాభం, ఉప్పు డబ్బా ఎత్తాను! నీకంటే గొప్ప వంటమనిషి ఉందంటే నేను ఒప్పుకోను.

నీ పిచ్చుక


నా పిచ్చుకకు,

అవునే. జ్వరం తగ్గింది గాని రుచీ, వాసనా తిరిగి రాలేదు. ఒకరోజు హోటల్లో పాలు మాడి అందరూ ముక్కులు మూసుకుని పరిగెత్తుకొచ్చారు. నేను ఆ పొయ్యి పక్కనే, వీపు తిప్పి నిలబడి ఉన్నాను. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నేనే ఏప్రాన్ విప్పి వచ్చేశాను. మీ అన్నయ్యకు విసుగని చెప్పాను.

నీ ఉత్తరం తీసుకెళ్ళి భోజనం చేస్తున్న ఆయన ముందు పెట్టాను. చదివి, "అందుకేనా కూరల్లో ఉప్పు అలా ఉంటోంది!" అన్నారు.

"మరి ఇన్నాళ్ళూ నోరెత్తలేదేం?"

"అలసిపోయి ఉన్నావు కదా అని."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది. ఆయన ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకుని, రెండో చెయ్యి నా భుజం మీద వేసి కూర్చున్నారు.

మర్నాడు హోటలుకు వెళ్ళి పెద్ద వంటాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. "రుచి చూడ్డానికి ఇక్కడ బోలెడు నాలుకలున్నాయమ్మా. పెనం చెప్పేది వినేవాళ్ళే దొరకరు. సోమవారం వచ్చెయ్" అన్నాడు. వెళ్తున్నాను.

నిన్న సాయంత్రం ఇంట్లో వాఫుల్ చేశాను. పెళ్ళయినప్పటి నుంచీ మీ అన్నయ్య నోట "బాగుంది" తప్ప మరో మాట ఎరగను. నిన్న ఒక ముక్క కొరికి, కళ్ళు మూసుకుని, చాలాసేపు నమిలారు. "ముందు వెన్న తెలుస్తోంది. తర్వాత మెల్లగా తీపి. ఆఖర్న ఇంకేదో ఉంది... ఉండు, ఇంకో ముక్క తిని చెబుతాను" అన్నారు.

నేను ఆయన ఎదురుగా కూర్చుని, ఆ మాట కోసం కాచుకున్నాను.

ప్రేమతో,
నీ వదిన